మెష్ ఇంటర్‌ఫేస్ గీత మీద పడకపోతే: భీమిలి దారిలో ఒక అమోనియా లైను కేసు

ఆగస్టులో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నుంచి మా విశాఖ ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ప్లాంటు భీమిలి వైపు. ప్లేటు ఫ్రీజర్ల నుంచి కంప్రెసర్ వైపు వెళ్ళే అమోనియా సక్షన్ లైను కింద నేలంతా తడి, పూటకోసారి తుడిపించాల్సి వస్తోంది, పక్కనే ప్యాకింగ్ హాలు, ఆడిట్ దగ్గర పడుతోంది. పైపు మీద ఇన్సులేషన్ చాలడం లేదేమో లెక్క వేసి చెప్పమన్నారు.

లెక్క చిన్నదే అనుకున్నాం. నాలుగు అంగుళాల స్టీలు పైపు, బయటి వ్యాసం 114.3 మిల్లీమీటర్లు, లోపల మైనస్ 40 డిగ్రీల అమోనియా. పైన 50 మి.మీ. పఫ్ (వేడిని ఆపే పాలియురిథేన్ నురుగు), దాని మీద అర మిల్లీమీటరు అల్యూమినియం రేకు తొడుగు, అంటే క్లాడింగ్. బయట గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం. సముద్రం పక్కన ఆగస్టులో ఇది మామూలే. ఆ గాలికి డ్యూ పాయింట్ 28.1 డిగ్రీలు, అంటే క్లాడింగ్ ఉపరితలం 28.1 కన్నా చల్లబడితే చెమరుస్తుంది, పైన ఉంటే పొడిగా ఉంటుంది. మొత్తం కేసు ఈ ఒక్క అంకె చుట్టూ తిరుగుతుంది.

మా దగ్గర సొంతంగా రాసుకున్న ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాం ఉంది, చదరపు గళ్ళను త్రిభుజాలుగా చీల్చి (ఈ త్రిభుజాలే ఎలిమెంట్లు, వాటి వల మొత్తం మెష్) లీనియర్ ఎలిమెంట్లతో, అంటే ఒక్కో త్రిభుజంలో ఉష్ణోగ్రత ఒకే వాలుతో మారుతుందనుకుని, ఉష్ణ ప్రసరణ సమీకరణాన్ని సాధిస్తుంది. బయటి అంచుకి మెష్ సరిగ్గా అతుక్కుంటుంది. లోపల పైపుకీ పఫ్‌కీ మధ్య గీత, పఫ్‌కీ క్లాడింగ్‌కీ మధ్య గీత (ఇలా రెండు పదార్థాలు కలిసే గీతే ఇంటర్‌ఫేస్) మాత్రం త్రిభుజాల మధ్యలోంచి ఎటు పడితే అటు పోతాయి. ఒక త్రిభుజంలో రెండు పదార్థాలుంటే విస్తీర్ణం నిష్పత్తిలో ఉష్ణవాహకత సగటు తీసుకుంటుంది. 10 మి.మీ. మెష్‌తో రన్ చేస్తే ఉపరితలం 27.68 డిగ్రీలు వచ్చింది. డ్యూ పాయింట్ కన్నా తక్కువ కాబట్టి లైను మొత్తం చెమరుస్తోందనీ, ఇన్సులేషన్ 75 మి.మీ.కి పెంచాలనీ రిపోర్టు రాసి పంపాం. అటు నేల తడి, ఇటు లెక్కలోనూ తడి, రెండూ కలిశాయి కదా అని రెండో మెష్ కూడా రన్ చేయలేదు. ఆ తప్పు నాదే, సంతకం నేనే పెట్టాను.

లైను మొత్తం విప్పి కొత్త పఫ్ వేయడం అంటే సీజన్‌లో ఫ్రీజర్లు ఆపడం. అందుకని యజమాని ఒప్పుకునే ముందు ఒకసారి వచ్చి చూసి చెప్పండి అన్నారు. వెళ్ళాను. అక్కడ మెయింటెనెన్స్ చూసే పెద్దాయన నిచ్చెన వేయించి, నన్ను పైకి ఎక్కించి, క్లాడింగ్ మీద అరచెయ్యి పెట్టి పైపు పొడుగునా రాసుకుంటూ వెళ్ళాడు.

"ఇటు సూడండి బాబూ, గొట్టం పొడుగునా ఎక్కడైనా తడుందేటి? నీళ్ళన్నీ ఆ సపోర్టుల కాడ నుంచే."

నేనూ చెయ్యి పెట్టి చూశాను, పొడిగా ఉంది. సపోర్టు దగ్గర మాత్రం పైపు షూ, అంటే పైపుకి వెల్డింగ్ చేసి పఫ్‌ని చీల్చుకుని కిందికి దిగిన 6 మి.మీ. స్టీలు పలక, తెల్లగా మంచు కట్టి ఉంది, దాని అంచు నుంచి చుక్క చుక్కగా కారుతోంది. క్లాడింగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, కాసేపు ఆగి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో టేపు మీద చూశాను (మెరిసే అల్యూమినియం మీద నేరుగా చూస్తే అది చుట్టుపక్కల గోడల ప్రతిబింబాన్ని చదువుతుంది, ఆ అంకెకి విలువ లేదు). 29కి అటూ ఇటూ చూపించింది. మా రిపోర్టు 27.7 అంటోంది. నిచ్చెన దిగేటప్పటికే నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే తేడా 1.3 డిగ్రీలే అయినా అది డ్యూ పాయింట్‌కి అటు నుంచి ఇటు దాటిన తేడా.

చేత్తో వేసిన లెక్క

షూ లేని చోట పైపు పూర్తిగా గుండ్రం కాబట్టి ఈ సమస్యకి ఖచ్చితమైన జవాబు ఉంది, లాగరిథమ్‌తో. దాన్ని మొదటే వేసి ఉండాల్సింది. పఫ్ ఉష్ణవాహకత 0.023 (మీటరుకి, డిగ్రీకి ఇన్ని వాట్లు), బయటి గాలి పొరకి ఉష్ణ బదిలీ గుణకం 8 (చదరపు మీటరుకి, డిగ్రీకి ఇన్ని వాట్లు) తీసుకుంటే, పఫ్ నిరోధం మీటరు పైపుకి 4.35, గాలి పొర నిరోధం 0.186. మొత్తం 72 డిగ్రీల తేడాకి మీటరుకి 15.9 వాట్లు లోపలికి వస్తాయి, గాలి పొరలో 2.95 డిగ్రీలు పడతాయి, ఉపరితలం 29.05. పొడిగానే ఉంటుంది. పెద్దాయన అరచెయ్యి సరిగ్గానే చెప్పింది.

మరి ప్రోగ్రాం ఎందుకు తప్పింది? బగ్ కోసం ఒక పూట వెతికాం. బగ్ లేదు. సమస్య ఇంకా లోతుగా, పద్ధతిలోనే ఉంది.

బయటి పొరలోని ఒక ఎలిమెంట్‌ని దగ్గరగా చూద్దాం. 10 మి.మీ. మందంలో అర మిల్లీమీటరు అల్యూమినియం (ఉష్ణవాహకత 200 చుట్టూ), మిగతా 9.5 మి.మీ. పఫ్. విస్తీర్ణం నిష్పత్తిలో సగటు తీస్తే 10.02 వస్తుంది. వేడి అడ్డంగా దాటేటప్పుడు రెండు పొరలూ ఒకదాని తర్వాత ఒకటి అడ్డుపడతాయి కాబట్టి నిజంగా వాడాల్సింది హార్మోనిక్ సగటు, అంటే పొరల నిరోధాలు కూడి తీసే సగటు, అది 0.0242. నాలుగు వందల రెట్లకి పైగా తేడా! అంటే ఆ గడిలో ఉన్న 9.5 మి.మీ. పఫ్ మా లెక్కలో లోహం అయిపోయింది, ఇన్సులేషన్ నుంచి మాయమైపోయింది. పైపు వైపు కూడా గుండ్రటి గీత కోసుకుపోయిన ప్రతి త్రిభుజం దాదాపు స్టీలులా ప్రవర్తించింది. రెండు వైపులా కలిపి 16 మి.మీ. పఫ్ పోయినట్టు, అంటే 50 వేసిన చోట 34 మాత్రమే మిగిలినట్టు లెక్క వేస్తే మీటరుకి 23.3 వాట్లు, ఉపరితలం 27.68 వస్తుంది. మా ప్రోగ్రాం ఇచ్చిన అంకె సరిగ్గా అదే. లోపలికి వచ్చే వేడి కూడా దాదాపు 47 శాతం ఎక్కువ చూపించింది, ఆ అంకె పట్టుకుని కంప్రెసర్ లోడు వేసి ఉంటే అక్కడా డబ్బు పోయేది.

మా ఆఫీసులో పనిచేసే కుర్రాడు వెంటనే, "సార్, సగటు తీయడం మానేసి ఎలిమెంట్ లోపల ఖచ్చితంగా ఇంటిగ్రేట్ చేద్దాం" అన్నాడు. మంచి ప్రశ్నే కానీ జవాబు నిరాశపరుస్తుంది. లీనియర్ త్రిభుజంలో ఉష్ణోగ్రత వాలు ఒకటే ఉంటుంది, కాబట్టి ఎంత ఖచ్చితంగా ఇంటిగ్రేట్ చేసినా బయటికొచ్చేది ఆ విస్తీర్ణపు సగటే. తప్పు ఇంటిగ్రేషన్‌లో లేదు, ఆ ఎలిమెంట్‌కి వంగే అవకాశం లేకపోవడంలో ఉంది. ఇంటర్‌ఫేస్ దగ్గర రెండు షరతులుంటాయి: ఉష్ణోగ్రత తెగకూడదు, దాటే వేడి రెండు వైపులా ఒకటే అవ్వాలి. వేడి ఒకటే అయినప్పుడు, వాహకతలో రెండు వేల రెట్లు తేడా ఉంటే, వాలులో కూడా రెండు వేల రెట్లు తేడా ఉండాలి. మా పైపు దగ్గర పఫ్‌లో మిల్లీమీటరుకి 1.9 డిగ్రీలు మారుతుంది, స్టీలులో మిల్లీమీటరుకి 0.001 డిగ్రీ కూడా మారదు. ఒకే వాలు ఉన్న త్రిభుజం ఈ విరుపుని ఎలా చూపిస్తుంది? చూపించలేదు.

మెష్ సన్నబరిస్తే పోదా

పోతుంది, కానీ మనం అనుకునే వేగంతో కాదు. ఎర్రర్ అనాలిసిస్ అసలు పనికొచ్చేది ఇక్కడే, దాన్ని పుస్తకాల సంగతి అని పక్కన పెట్టేసే వాళ్ళకి ఈ భాగం శ్రద్ధగా చదవమని నా మనవి.

లీనియర్ ఎలిమెంట్లకి అందరం గుర్తుపెట్టుకునేది ఇది: మెష్ సైజు సగం చేస్తే ఎనర్జీ నార్మ్‌లో (వాలులో తప్పుని కొలిచేది) తప్పు సగం అవుతుంది, ఎల్2 నార్మ్‌లో (ఉష్ణోగ్రతలోనే తప్పుని కొలిచేది) నాలుగో వంతు అవుతుంది. సగం అయితే ఆర్డరు 1 అంటాం, నాలుగో వంతు అయితే ఆర్డరు 2. సేయా లెమ్మా ప్రకారం ఫైనైట్ ఎలిమెంట్ జవాబు ఆ మెష్ మీద సాధ్యమైన వాటిలో దాదాపు అత్యుత్తమం, అది ఎప్పుడూ నిజమే. కానీ ఆ మెష్ మీద సాధ్యమైన అత్యుత్తమం ఎంత మంచిదన్నది అసలు జవాబు ఎంత నునుపుగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఇంటర్‌ఫేస్ సమస్యలో జవాబు ఒక్కో పదార్థం లోపల నునుపుగానే ఉంటుంది, మొత్తంగా చూస్తే గీత దగ్గర విరిగి ఉంటుంది.

కోసుకుపోయిన ఎలిమెంట్లన్నీ కలిపితే గీత వెంట ఒక పట్టీ. దాని వెడల్పు మెష్ సైజంత. ఆ పట్టీలో వాలులో తప్పు మెష్ ఎంత సన్నబరిచినా తగ్గదు, పట్టీ మాత్రమే సన్నబడుతుంది. వాలు తప్పుని వర్గం చేసి పట్టీ విస్తీర్ణంతో గుణించి వర్గమూలం తీస్తే మెష్ సైజుకి అర ఘాతం వస్తుంది, అదే ఎనర్జీ నార్మ్ ఆర్డరు, 1 ఉండాల్సిన చోట 0.5. ఎల్2 నార్మ్‌కి వెళ్ళేటప్పుడు నిట్‌షే ఉపాయం వాడతాం, అంటే ఇంకో డ్యుయల్ సమస్య సాధించి దాని తప్పుని కూడా గుణిస్తాం. ఆ డ్యుయల్ సమస్యకి కూడా అదే ఇంటర్‌ఫేస్, అదే విరుపు, అక్కడా అర ఘాతమే. అర, అర కలిసి 1. రావాల్సింది 2.

మా రన్‌లు అదే చెప్పాయి. 10 మి.మీ. దగ్గర 27.68, 5 దగ్గర 28.49, 2.5 దగ్గర 28.79, 1.25 దగ్గర 28.93. ఖచ్చిత విలువ 29.05 నుంచి తప్పులు వరుసగా 1.37, 0.56, 0.26, 0.12. మొదటి అడుగులో సగం కన్నా బాగా తగ్గినట్టు కనిపిస్తుంది, తర్వాత మెల్లగా సగం దగ్గరికి వచ్చి స్థిరపడుతుంది. ఎలిమెంట్ల సంఖ్య 64 రెట్లు పెంచితే తప్పు పదకొండో వంతుకి దిగింది, ఆర్డరు 2 అయి ఉంటే అదే ఖర్చుకి 64వ వంతుకి దిగాలి.

ఇదేమీ కొత్త సంగతి కాదు. గణితవేత్త ఇవో బబుష్కా 1970లోనే వాహకత తెగిపోయే సమస్యలకి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మీద రాశారు. 1998లో జీమింగ్ చెన్, జున్ జౌ ఇద్దరూ, ఇంటర్‌ఫేస్ నునుపుగా ఉండి మెష్ దానికి అతుక్కుని ఉంటే లీనియర్ ఎలిమెంట్లకి దాదాపు పూర్తి ఆర్డరు తిరిగొస్తుందని చూపించారు, ఒక లాగరిథమ్ గుణకం మాత్రమే అదనంగా మిగులుతుంది. నేను ఎం.టెక్.లో దీన్ని చదివాను కూడా. చదివినదానికీ, రిపోర్టు మీద సంతకం పెట్టే రోజున గుర్తుకి రావడానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని ఈ కేసే నేర్పింది.

మేం ఏం చేశాం

మొదట తేలిక దారి చూశాం: మెష్ అలాగే ఉంచి, కోసుకుపోయిన ఎలిమెంట్లలో హార్మోనిక్ సగటు పెట్టడం. ఒకే దిశలో ప్రవహించే వేడికి ఇది అద్భుతంగా పని చేస్తుంది, నోడ్ల (ఎలిమెంట్ల మూలల) దగ్గర జవాబు ఖచ్చితంగా వస్తుంది. షూ లేని గుండ్రటి పైపుకీ బాగానే మెరుగుపడింది. కానీ షూ పెట్టగానే చెడిపోయింది, ఎందుకంటే షూ దగ్గర వేడి క్లాడింగ్‌ని అడ్డంగా దాటడమే కాదు, క్లాడింగ్ వెంబడి పొడుగునా కూడా పరుగెడుతుంది. అర మిల్లీమీటరే అయినా ఆ అల్యూమినియం రేకు 50 మి.మీ. పఫ్ మొత్తం కన్నా దాదాపు 87 రెట్లు ఎక్కువ వేడిని పొడుగునా మోయగలదు. హార్మోనిక్ సగటు ఆ దారిని మూసేస్తుంది. అడ్డానికి హార్మోనిక్, పొడుగుకి మామూలు సగటు అని దిశను బట్టి విడదీయవచ్చు, కొంతమంది చేస్తారు, మూలల దగ్గర ఏ దిశ ఏదో తేలదు కాబట్టి నాకు నమ్మకం కుదరలేదు.

రెండో దారి, మెష్ గీతని కోసినా ఆ ఎలిమెంట్‌లో రెండు వైపులా వేర్వేరు వాలులు ఇచ్చి, మధ్యలో షరతుల్ని నిట్‌షే పద్ధతిలో (ఇందాకటి ఉపాయం కాదు, అదే పేరున్న వేరే పద్ధతి) బలహీనంగా, అంటే ప్రతి బిందువు దగ్గరా కాకుండా సగటున, కలపడం. అనితా హాన్స్‌బో, పీటర్ హాన్స్‌బో 2002లో దీనికి పూర్తి ఆర్డరు నిరూపించారు. ఇంటర్‌ఫేస్ కదిలే సమస్యలకి ఇదే సరైనది. మా పైపు కదలదు. అందుకని మూడోది, అన్నిటికన్నా పాతది ఎంచుకున్నాం: జీమెష్ అనే మెష్ వేసే సాఫ్ట్‌వేర్‌లో పైపు, పఫ్, క్లాడింగ్ విడివిడి ప్రాంతాలుగా గీసి, సరిహద్దు నోడ్లు రెండు వైపులకీ ఉమ్మడిగా ఉండేలా మెష్ వేయడం. క్లాడింగ్‌కి మాత్రం మందం దిశలో ఒకే వరస సన్నటి ఎలిమెంట్లు.

గుండ్రటి గీతని సరళరేఖల ముక్కలతో నింపితే కొంచెం స్టీలు పఫ్ లెక్కలోకి పోతుంది, అదో తప్పు కదా అని అడగవచ్చు. 10 మి.మీ. ముక్కకి పైపు వంపు దగ్గర ఆ ఖాళీ నడిమధ్యన 0.22 మి.మీ. మాత్రమే, 5 మి.మీ.కి 0.055. మెష్ సగమైతే ఇది నాలుగో వంతవుతుంది, లీనియర్ ఎలిమెంట్ల తప్పుతో సమానంగా నడుస్తుంది, దానికి అడ్డం రాదు. ఎక్కువ డిగ్రీ ఎలిమెంట్లు వాడితే మాత్రం ఈ ఖాళీయే పెద్ద తప్పుగా మిగిలిపోతుంది, అప్పుడు అంచుల్ని కూడా వంచాలి. మాకు ఆ అవసరం లేకపోయింది: అతుక్కున్న మెష్‌లో 10 మి.మీ. దగ్గరే జవాబు 29.05కి 0.02 డిగ్రీ తేడా లోపల వచ్చేసింది.

షూ దగ్గర మళ్ళీ ఆగిపోయింది

ఇక అసలు దోషి షూ. మెష్ అంతా గీతలకి అతుక్కుని ఉంది కాబట్టి ఆర్డరు 2 వస్తుందనుకున్నాం. మెష్ సగం చేసినప్పుడల్లా మార్పు నాలుగో వంతుకి బదులు రెండున్నర రెట్లు మాత్రమే తగ్గుతోంది. అంటే ఆర్డరు 1.33 చుట్టూ. నాలుగు మెష్‌లు, ప్రతిసారీ అదే.

కారణం మూల. షూ పలక పైపుకి వెల్డ్ అయిన చోట పఫ్ 90 డిగ్రీల కోణంలో కూర్చుంది, స్టీలు మిగతా 270 డిగ్రీలు ఆక్రమించింది. వాహకత తేడా ఇంత ఎక్కువ ఉన్నప్పుడు స్టీలు వైపు నుంచి చూస్తే పఫ్ దాదాపు వేడి దాటని గోడ, కాబట్టి అది 270 డిగ్రీల లోపలి మూల సమస్యే. అక్కడ ఉష్ణోగ్రత మూల నుంచి దూరానికి దాదాపు 2/3 ఘాతంలా మారుతుంది, వాలు మూల దగ్గర అనంతానికి పోతుంది. సమాన సైజు మెష్ మీద ఎనర్జీ ఆర్డరు 2/3, రెట్టింపు చేస్తే 4/3. మాకు వచ్చిన 1.33 అదే. ఇంటర్‌ఫేస్ నునుపుగా ఉండాలి అని సిద్ధాంతంలో రాసే చిన్న షరతు ఇక్కడ వచ్చి కూర్చుంటుంది. రెండే పదార్థాలు కలిసే మూలలో ఈ ఘాతం అర కన్నా కిందికి పోదు, అదో ఊరట. నాలుగు గళ్ళ చదరంగంలా ఎదురెదురుగా కలిస్తే సున్నాకి ఎంత దగ్గరికైనా పోగలదు, కెల్లాగ్ 1970లలో చూపించిన ఉదాహరణలు అవే.

మందు తెలిసిందే: మూలకి దగ్గరయ్యే కొద్దీ ఎలిమెంట్ సైజు క్రమంగా తగ్గించాం. మొత్తం ఎలిమెంట్ల సంఖ్య పెద్దగా పెరగలేదు, నాలుగో వంతు తగ్గుదల తిరిగొచ్చింది. షూ పలక క్లాడింగ్ బయటికొచ్చే చోట ఉష్ణోగ్రత, ఫిన్ సూత్రంతో (గాలిలోకి పొడుచుకొచ్చిన లోహపు పలకలకి వాడేది) చేత్తో వేసుకున్న మైనస్ 21కి దగ్గరగానే తేలింది. మంచు కట్టడంలో వింత లేదు, నేల మీద నీళ్ళన్నీ ఆ మంచువే.

రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నామని యజమానికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కోప్పడలేదు, "అయితే లైను విప్పక్కర్లేదు కదా" అని ఒక్క మాట అడిగి ఊపిరి పీల్చుకున్నారు. స్టీలు షూలు కోసేసి, పైపు కింద గట్టి పఫ్ దిమ్మ పెట్టి, దాని కింద సాడిల్, అంటే ఒంపుకి సరిపోయే ఆధారం, వేసే ఇన్సులేటెడ్ షూలు సూచించాం. దిమ్మ వాహకత 0.035 తీసుకున్నాం. చుట్టూ అదే పదార్థం ఉన్నట్టు కఠినంగా లెక్క వేస్తే 50 మి.మీ. దిమ్మకి ఉపరితలం 27.6 వస్తుంది, చెమరుస్తుంది. 75కి 29.3, పొడి. పాత ప్రోగ్రాం లెక్కలో పోయే ఒకటిన్నర డిగ్రీ ఇక్కడ ఉండి ఉంటే 75 కూడా చాలదని చెప్పి ఇంకా మందం దిమ్మలు కొనిపించేవాళ్ళం.

ఒక్కో సపోర్టు రాత్రి షిఫ్టు మధ్యలో మార్చారు, ఫ్రీజర్లు ఆగలేదు. సెప్టెంబరులో మళ్ళీ నిచ్చెన ఎక్కాను, అదే నల్ల టేపు, అదే థర్మామీటరు. దిమ్మల దగ్గర తడి లేదు. ఒక్క చోట, పాత షూ కోసిన తర్వాత రెండు వేళ్ళ పొడుగు స్టీలు ముక్క పైపుకి మిగిలిపోయి క్లాడింగ్ కిందే ఉండిపోయింది, అక్కడ రేకు అతుకు వెంట సన్నగా చెమట కనిపించింది. దాన్ని గ్రైండ్ చేసి తీసేయమని పెద్దాయనకి చూపించాను, "రేపు పొద్దున్నే చేయించేస్తాను బాబూ" అన్నాడు. ఆ ముక్కతో కలిపి మెష్ వేసిన రన్ ఇప్పుడు మా కుర్రాడి దగ్గర నడుస్తోంది, ఈసారి మొదటి రోజే మూడు మెష్‌లతో.